విశ్రాంతితో చెడే యంత్రం

అమెరికాలో పాత మోటార్‌హోముల అమ్మకపు ప్రకటనలు చదివేవారికి ఒక వాక్యం తరచుగా తారసపడుతూ ఉంటుంది: బండి వయసు పదిహేనేళ్లు, జనరేటరు నడిచినది కేవలం 180 గంటలు. అమ్మేవాడు దానిని గొప్పగా చెప్పుకుంటాడు. కొనేవాడు విని సంతోషిస్తాడు. వాడనే లేదు కనుక కొత్తదానితో సమానమని ఇద్దరూ అనుకుంటారు. యంత్రం సంగతి తెలిసిన మూడో మనిషి పక్కన ఉంటే మాత్రం అతడికి అనుమానం కలుగుతుంది. పదిహేనేళ్లకు 180 గంటలంటే ఏడాదికి పన్నెండు, నెలకు ఒక్క గంట. ఆ గంట అయినా క్రమంగా నడిచి ఉండదు. ఒక వేసవిలో పది రోజులు నడిచి, ఆ తరువాత రెండేళ్లు మూలబడి ఉంటుంది. ఎక్కువగా వాడని యంత్రాన్ని నెలకు రెండు గంటలైనా, ఇంచుమించు సగం లోడు మీద, ఒకే విడతగా నడపవలసిందని ఈ జాతి జనరేటర్లతో వచ్చే పుస్తకాలు చెబుతాయి. ఆ లెక్కన యజమాని ఏ ప్రయాణమూ చేయక బండిని ఇంటి ముందే నిలిపి ఉంచినా, గంటల మీటరు 360 చూపవలసింది. 180 అన్న అంకెను బట్టి ఆ యంత్రానికి ఆలనాపాలనా కరవైందని మాత్రమే రూఢిగా చెప్పవచ్చు.

మోటార్‌హోమును తెలుగులో ఇంటిబండి అనుకోవచ్చు. బస్సంత వాహనంలో పడకగది, వంటిల్లు, స్నానాల గది, నలుగురు కూర్చునే చోటు అమర్చి ఉంటాయి. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీలో విన్నిబేగో సంస్థ 1966లో వీటి తయారీ మొదలుపెట్టిన తరువాత, అంతవరకు కొద్దిమంది వేడుకగా ఉన్న ఈ బండి మధ్యతరగతి విశ్రాంత ఉద్యోగుల దాకా వచ్చింది. పెద్ద బండ్లలో చాలా వాటిని నడిపేది డీజిలు ఇంజను. అది వెనుక భాగంలో ఉంటుంది. విద్యుత్తు పుట్టించే ఇంజను వేరు. అది చిన్నది, రెండు మొదలు నాలుగు సిలిండర్లది. పెద్ద బండ్లలో తరచుగా ముందు అద్దానికి దిగువన ఒక అరలో దాగి ఉంటుంది. కొన్నింటిలో దానిని బీరువా సొరుగులాగా బయటికి లాగవచ్చు. పెద్ద ఇంజనుకు ఇంధనమిచ్చే ట్యాంకే దీనికీ ఆధారం. 120 వోల్టుల విద్యుత్తును 6 నుంచి 12 కిలోవాట్ల దాకా ఇస్తుంది. వీటి మీద ఎక్కువగా కనిపించే పేరు ఓనన్. 1920లో మినియాపొలిస్ నగరంలో పుట్టిన ఆ సంస్థ తరువాతి కాలంలో కమిన్స్ కంపెనీలో కలిసిపోయింది. లోపలి ఇంజను మాత్రం చాలా వాటిలో జపాను వారి కుబోటా. వరి నాటే యంత్రాల మీద, కోత యంత్రాల మీద తెలుగు రైతులు చూస్తున్న పేరే అది.

చలికాలంలో ఈ యంత్రాల చప్పుడు వినాలంటే ఆరిజోనా రాష్ట్రపు పడమటి అంచున, కాలిఫోర్నియా సరిహద్దుకు ఇరవై మైళ్ల దూరంలో ఉన్న క్వార్ట్‌సైట్‌కు వెళ్లాలి. శాశ్వత నివాసులు కొద్ది వేలమందే ఉన్న ఎడారి ఊరు. ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి 1856లో అమెరికా సైన్యపు ఒంటెలతో పాటు వచ్చి, 1902లో ఇక్కడే కన్నుమూసిన హాజీ అలీ సమాధి ఈ ఊరికి గుర్తు. దాని మీద లోహపు ఒంటె బొమ్మ నిలబడి ఉంటుంది. ఊరికి దక్షిణాన ఉన్న ప్రభుత్వ భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఒకే అనుమతి పత్రంతో బండి నిలుపుకొని ఉండవచ్చు. ఉత్తరాది మంచును తప్పించుకొని వచ్చిన వృద్ధ దంపతులు అక్కడ నెలల తరబడి కాలక్షేపం చేస్తారు. విడిది స్థలంలో కరెంటు తీగలు లేవు. ఎవరి విద్యుత్తు వారే తయారుచేసుకోవాలి. ఆ బండ్లలో కొందరు రాత్రి నిద్రలో ఊపిరి సాఫీగా ఆడేందుకు ముక్కుకు యంత్రం తగిలించుకుంటారు. కొందరికి గాలి నుంచి ప్రాణవాయువును వేరుచేసి ఇచ్చే పరికరం అవసరం. అది పని చేసినంతసేపూ మూడు నాలుగు వందల వాట్లు తీసుకుంటుంది. ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లో ఉంటుంది. మబ్బు పట్టిన నాలుగో రోజు సాయంకాలం జనరేటరు అంటుకోకపోతే అది కేవలం సౌకర్యానికి సంబంధించిన సమస్య కాదు. వేసవిలో అదే ప్రాంతపు రహదారి మీద 43 డిగ్రీల ఎండలో బండి ఆగిపోయిందనుకుంటే, లోపలి వృద్ధులను, పెంపుడు కుక్కను కాపాడేది కప్పు మీది ఎయిర్ కండిషనరు. దానిని నడిపేది ఈ చిన్న ఇంజనే.

ఇంత అవసరమైన యంత్రం వాడకపోతే ఎందుకు చెడుతుందో తెలియాలంటే డీజిలు ఎలా మండుతుందో చూడాలి. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని సిలిండరులో ఇరవై వంతులకు ఒక వంతుగా అణచివేస్తే అది 500 డిగ్రీలకు మించి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అంటే ఈ ఇంజనుకు వేడే ప్రాణం. సిలిండరు గోడలు, పిస్టన్ తల, నాజిల్ కొన బాగా వేడెక్కి ఉన్నప్పుడే తుంపర పూర్తిగా మండుతుంది.

లోడు తక్కువైతే లోపలికి పోయే ఇంధనం తక్కువ. పుట్టే వేడి కూడా తక్కువ. చుట్లు మాత్రం తగ్గవు. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులది కనుక, నాలుగు ధ్రువాల జనరేటరు నిమిషానికి 1800 చుట్లు తిరగాలి. ఒక్క దీపం వెలిగించినా 1800, రెండు ఎయిర్ కండిషనర్లు నడిపినా 1800. కొన్ని నమూనాలు ఎలక్ట్రానిక్ పరికరాల సాయంతో లోడును బట్టి వేగం మార్చుకుంటాయి గాని, స్థిరవేగపు యంత్రాలే ఇంకా విస్తారంగా ఉన్నాయి. చల్లని సిలిండరులో గంటల తరబడి ఇలా తిరిగినప్పుడు తుంపరలో కొంత మండకుండా మిగిలిపోతుంది. అందులో కొంత భాగం మసితో కలిసి పొగగొట్టంలోకి పోయి, అక్కడ చల్లబడి నల్లని జిడ్డుగా పేరుకుంటుంది. మెకానిక్కులు దీనిని వెట్ స్టాకింగ్ అంటారు. మరికొంత సిలిండరు గోడల వెంట జారి, అడుగున ఉన్న ఇంజను ఆయిల్‌లో కలిసి దానిని పలచన చేస్తుంది. పిస్టన్ రింగులను గోడకు అదిమి పట్టేది మండిన వాయువుల ఒత్తిడే. ఆ ఒత్తిడి చాలనప్పుడు రింగులు వదులుగా ఆడతాయి. ఆయిల్ పైకి చేరి కాలి, గోడ మీద గాజు పూతలాగా నునుపుగా అంటుకుంటుంది. ఆ పూత పడిన గోడ మీద ఆయిల్ నిలవదు. అది వట్టి వాడకంతో పోయేది కాదు, ఇంజను విప్పి గోడలు గరుకు పట్టించవలసిందే. నాజిళ్లకు మసి పట్టి తుంపర ధారగా మారుతుంది. అందువల్ల దహనం మరింత చెడుతుంది, మసి మరింత పెరుగుతుంది.

అసలే నడపకుండా ఉంచితే ఇబ్బందులు వేరు. సిలిండరు గోడల మీది ఆయిల్ పొర కిందికి జారిపోయి తేమకు తుప్పు మొదలవుతుంది. సీళ్లు ఎండుతాయి. విద్యుత్తు పుట్టించే భాగంలో బ్రష్షులున్న నమూనాలలో అవి ఆనే రాగి వలయాల మీద కిలుం పడుతుంది. ఏళ్లు గడిస్తే లోపలి ఇనుములో మిగిలి ఉండవలసిన కొద్దిపాటి అయస్కాంత శక్తి కూడా సన్నగిల్లవచ్చు. అప్పుడు ఇంజను చక్కగా తిరుగుతుంది గాని, కరెంటు రాదు.

క్వార్ట్‌సైట్ చలికాలమే ఈ రోగానికి అనువైన కాలం. 8 కిలోవాట్ల జనరేటరుకు సగం లోడు అంటే 4000 వాట్లు. వేసవిలో కప్పు మీది రెండు ఎయిర్ కండిషనర్లు కలిసి 3000 వాట్లకు పైగా తీసుకుంటాయి. నీళ్లు కాచే పరికరం మరో 1400. యంత్రానికి అది ఆరోగ్యకరమైన పని. చలికాలంలో ఉదయం పూట యజమాని దానిని నడిపేది బ్యాటరీలు నింపుకోవడానికి, కాఫీ కాచుకోవడానికి. బ్యాటరీ చార్జరు మొదట 1400 వాట్లు తీసుకుంటుంది. బ్యాటరీలు నిండుతున్నకొద్దీ అది 300కు దిగిపోతుంది. 8000లో 300 అంటే నాలుగు శాతమైనా కాదు. పొదుపు చేస్తున్నానన్న తృప్తితో యజమాని హీటరును గ్యాసు మీద పెట్టుకొని, జనరేటరును మూడు గంటలు ఆ నాలుగు శాతం మీదే తిప్పుతాడు.

2010 తరువాతి దశకంలో సౌర ఫలకాల ధరలు పడిపోయాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఇంటిబండ్లలోకి వచ్చాయి. ఇవి మంచివే. ఎడారి నిశ్శబ్దాన్ని కొంత తిరిగి ఇచ్చాయి, డీజిలు ఖర్చు తగ్గించాయి. కాని వీటి వెనుక జనరేటరు మరుగున పడింది. వారానికి నాలుగుసార్లు నడిచినది నెలకొకసారైనా నడవడం లేదు. నడిచినా ఐదు నిమిషాలే. అంటుకుందా లేదా చూసి ఆపివేస్తారు. ఇల్లలకగానే పండుగ కాదన్నట్లు, ఇంజను అంటుకోగానే దానికి వ్యాయామం జరిగినట్లు కాదు. ఐదు నిమిషాల పరుగులో ఆయిల్ వేడెక్కదు. దహనంలో పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోనే చల్లబడి నిలిచిపోతుంది. ఆ మాత్రం నడపడం కంటే అసలు నడపకుండా ఉంచడమే కొంత నయమని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పే మాటలో అతిశయోక్తి లేదు.

ఇది ఇంటిబండ్లకే పరిమితమైన సంగతి కాదు. ఆసుపత్రుల వంటి చోట్ల అత్యవసర జనరేటర్లకు అమెరికాలో వర్తించే ఎన్.ఎఫ్.పి.ఏ. 110 ప్రమాణం, డీజిలు యంత్రాన్ని నెలకొకసారి దాని పేరు పలక మీద రాసిన సామర్థ్యంలో కనీసం 30 శాతం లోడుతో 30 నిమిషాలు నడపాలంటుంది. అలా నడపలేకపోతే, ఏడాదికొకసారి కృత్రిమంగా లోడు పెట్టి మరింత సేపు పరీక్షించాలి. తెలుగు నగరాలలో 2012, 2013 నాటి కరెంటు కోతల కాలంలో అపార్టుమెంట్ల వారు కొన్న జనరేటర్లు, కోతలు తగ్గాక సెల్లారు మూలల్లో దుమ్ము కొట్టుకొని ఉన్నాయి. కావలివాడు వారానికొకసారి మీట నొక్కి, బుర్రుమనగానే ఆపివేసే దృశ్యం అక్కడా ఉన్నదే.

విరుగుడు పెద్ద కష్టం కాదు. చలికాలంలో ఎయిర్ కండిషనర్లు నడపడానికి వీలులేకపోతే, ఒక్కొక్కటి 1500 వాట్లు తీసుకునే మామూలు విద్యుత్ హీటర్లు రెండింటిని, ఒకే బ్రేకరు మీద పడకుండా వేర్వేరు ప్లగ్గులకు తగిలించి, నీళ్లు కాచే పరికరాన్ని కూడా వేస్తే సగం లోడు దాటుతుంది. ఆ రెండు గంటల సేపు గ్యాసు హీటరును ఆపుకోవచ్చు. సగం లోడు మీద ఈ పరిమాణపు యంత్రం గంటకు ఖర్చుచేసే డీజిలు ఇంచుమించు అర గ్యాలను, అంటే రెండు లీటర్లలోపు. కొత్త యంత్రం కొని బిగించుకోవడం పది వేల డాలర్లకు పైబడిన మాట. ఇప్పటికే జిడ్డు పట్టిన యంత్రాన్ని కూడా చాలాసార్లు ఈ విధంగానే దారికి తేవచ్చు. కాని లోడును అంచెలంచెలుగా పెంచాలి. పొగగొట్టంలో పేరుకున్న జిడ్డు ఒక్కసారిగా వేడెక్కితే అంటుకునే ప్రమాదముంది కనుక, మొదటి గంట దగ్గరే ఉండి చూడాలి. మంటలార్పే సీసా చేతికి అందేచోట ఉండాలి.

పాత బండి కొనేవారు అంకెలను విడిచి యంత్రాన్ని చూడడం మేలు. అమ్మేవాడు ముందుగానే నడిపి వేడెక్కించి ఉంచలేదని చేయి ఆనించి నిర్ధారించుకోవాలి. చల్లని యంత్రం మొదటి క్షణాల్లో తెల్లని పొగ వదిలితే భయం లేదు. పది నిమిషాల తరువాత కూడా తెల్లగానే ఉంటే దహనం సరిగా లేదు. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నది. లోడు పెట్టగానే నల్లపొగ కమ్మితే గాలి చాలడం లేదు, లేదా ఇంధనం హద్దు మీరుతున్నది. పొగగొట్టం చివర వేలు పెట్టి చూస్తే పొడి మసి అంటాలి. తారు వంటి తడి అంటితే సంగతి అర్థమైనట్లే. ఎయిర్ కండిషనర్లు రెండూ వేసి అరగంటకు తక్కువ కాకుండా నడిపించాలి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నిలవడం అనవసరం.

ఇంధనం గురించి కొంత చెప్పవలసి ఉంది. జనరేటరు గొట్టం ట్యాంకులో అడుగు దాకా దిగదు. సాధారణంగా నాలుగో వంతు డీజిలు మిగిలి ఉండగానే దానికి అందకుండా పోతుంది. మర్చిపోయి జనరేటరును రాత్రంతా నడిపినవారు తెల్లవారి బంకు దాకా వెళ్లలేని స్థితిలో చిక్కుకోకుండా చేసిన ఏర్పాటది. ఈ సంగతి తెలియక, పావు ట్యాంకు దగ్గర ఆగిపోయిన జనరేటరుకు మెకానిక్కును పిలిపించి డబ్బు పోసినవారు తక్కువేమీ కాదు. ట్యాంకు వెలితిగా ఉంటే మరో చిక్కు. ఎడారిలో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో ఎంతో తేడా ఉంటుంది. ఖాళీ భాగంలోని గాలి చల్లబడినప్పుడల్లా తేమ బొట్లుగా మారి అడుగున చేరుతుంది. డీజిలుకూ నీటికీ నడుమ సూక్ష్మజీవులు, బూజు పెరుగుతాయి. అవి వదిలే నల్లని జిగురు బండి కుదుపులకు కదిలి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. అమెరికా రహదారులపై 2006 నుంచి అమ్ముతున్న డీజిలులో గంధకం పది లక్షల పాళ్లలో 15కు మించరాదు. పొగకు అది మంచిదే. అయితే గంధకం తీసివేసే ప్రక్రియలో సహజమైన జారుడు గుణం కొంత పోతుంది గనుక నూనె శుద్ధి సంస్థలు దానికి మందులు కలుపుతాయి. నెలల తరబడి నిలిపే బండికి ట్యాంకు నిండా పోసి ఉంచడం, నిలవకు ఉద్దేశించిన మందు కలపడం, ఏడాదికొకసారి ఫిల్టరు మార్చడం చేస్తే ఈ బాధలు చాలావరకు తప్పుతాయి. మార్చిన తరువాత గొట్టంలో గాలి చిక్కుకుంటే ఇంజను అంటుకోదు. పల్లెటూరి ఆయిల్ ఇంజను దగ్గర రైతు నట్టు వదులుచేసి చేతి పంపుతో గాలి తీసేవాడు. ఈ యంత్రాలలో కొన్నింటికి ఆపే మీటనే కాసేపు నొక్కి పట్టుకుంటే చిన్న విద్యుత్ పంపు ఆ పని చేస్తుంది. అది తెలియనివారు స్టార్టరును తిప్పి తిప్పి బ్యాటరీని హతమారుస్తారు.

ఆయిల్ మార్పుకు రెండు లెక్కలుంటాయి: గంటలు, నెలలు. ఏది ముందు వస్తే అది. తక్కువ నడిచే ఇంటిబండి జనరేటరుకు దాదాపు ఎల్లప్పుడూ కాలెండరే ముందు వస్తుంది. గంటలు నిండలేదు కదా అని ఐదేళ్లు అదే ఆయిల్ ఉంచడం పొదుపు అనిపించుకోదు. అందులో చేరిన ఆమ్లాలకు, తేమకు గంటల మీటరుతో నిమిత్తం లేదు. డీజిలు ఇంజనులో ఆయిల్ త్వరగా నల్లబడడం సహజం. భయపడవలసింది మట్టం పెరిగినప్పుడు. కొలిచే పుల్ల మీద ఆయిల్ గుర్తు గతం కంటే పైకి వచ్చిందంటే డీజిలో, రేడియేటరు నీరో అందులో కలుస్తున్నదన్నమాట. ఆ స్థితిలో నడపకూడదు. రేడియేటరు ద్రవం, బెల్టు, గొట్టాల బిగింపులు పెద్ద ఇంజనుకు చూసినట్లే దీనికీ చూడాలి. గాలి ఫిల్టరును మాత్రం ఎడారిలో మరింత తరచుగా చూడాలి. ఎలుకల బెడద కూడా ఉంది. ఎడారి అడవి ఎలుకలు వెచ్చని అరలలో గూళ్లు కట్టి వైర్లు కొరుకుతాయి. సౌండు అడ్డుకోవడానికి వేసిన మెత్తని పొరను పీకి పరుపు చేసుకుంటాయి. నెలకొకసారి ఆ అర తలుపు తెరిచేవారికి ఇవి ముందే కంటపడతాయి.

ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ ఇంచుమించు 3 నుంచి 4 శాతం బలం కోల్పోతుంది. కొలరాడోలో 10,000 అడుగులకు పైన ఉన్న లెడ్‌విల్ వంటి ఊరిలో 8 కిలోవాట్ల యంత్రాన్ని సుమారు ఐదున్నర కిలోవాట్లదిగా భావించి లోడు తగ్గించుకోవాలి. చప్పుడుకూ హద్దులున్నాయి. జాతీయ ఉద్యానాలలో 50 అడుగుల దూరాన 60 డెసిబెళ్లకు మించి మోగే యంత్రం నడపరాదు. విడిదులలో నిర్ణయించిన వేళల్లోనే జనరేటరు వేయాలి. నెలవారీ రెండు గంటలకు విడిది కంటే ప్రయాణమే అనువైన సమయం. బండి పరుగెడుతుండగా జనరేటరు వేసి కప్పు మీది ఎయిర్ కండిషనర్లు నడిపితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక పొగ. డీజిలు ఇంజనుకు గాలి సమృద్ధిగా అందుతుంది కనుక పెట్రోలు ఇంజను కంటే తక్కువ కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. ఈ నిజాన్ని సగం విన్నవారు డీజిలు పొగ ప్రాణం తీయదని చెబుతూ ఉంటారు. అది ప్రమాదకరమైన మాట. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో స్వల్పంగా ఉన్నా, మూసిన గదిలో గంటల తరబడి పీలిస్తే చాలు. ఇంటిబండిలో నిద్రించేవారి తలగడకూ పొగగొట్టానికీ నడుమ ఉన్నది కొద్ది అడుగుల దూరం, పలచని నేల. నేలలో వైరు కోసం చేసిన రంధ్రం ఒకటి మూయకుండా వదిలితే, కప్పు మీద గాలి బయటికి తోసే ఫ్యాను వేసినప్పుడు కింది గాలి ఆ దారినే లోపలికి వస్తుంది. పక్కపక్కనే బండ్లు నిలిపినచోట ఒకరి పొగ మరొకరి కిటికీలోకి పోవచ్చు. గాలి వీయని రాత్రి అది అక్కడే నిలిచిపోతుంది. జిడ్డు పట్టిన, సరిగా మండని ఇంజనులో ఈ విషం పాలు కూడా పెరుగుతుంది. తుప్పుపట్టి చిల్లుపడిన సైలెన్సరు, వదులైన గ్యాస్కెట్టు ఉంటే యంత్రం నడపనే కూడదు.

విషవాయువును పసిగట్టే అలారం పెట్టెను నెలకొకసారి మీట నొక్కి పరీక్షించాలి. దానికీ ఆయుష్షు ఉంది. మార్చవలసిన తేదీ పెట్టె మీదే రాసి ఉంటుంది. మీట నొక్కితే మోగినంత మాత్రాన, గడువు తీరిన పెట్టెలోని సూక్ష్మగ్రాహకం పనిచేస్తుందని చెప్పలేము. బండిలో ఉన్నవారందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే అది ఎండ వల్లనో తిన్నదాని వల్లనో అని తర్కించుకుంటూ కూర్చోకూడదు. అందరినీ బయటికి తెచ్చిన తరువాతనే తక్కిన ఆలోచనలు. జనరేటరు నడుస్తుండగా పడుకోకపోవడం ఉత్తమం. ప్రాణవాయువు పరికరం అవసరమైన రోగి ఉన్న బండిలో అందుకోసమే రాత్రికి సరిపడే బ్యాటరీ ముందుగా నింపుకొని ఉంచాలి.

నెలవారీ పరుగు రోజున చేయవలసిన పని ఇంతే. ముందు అర తలుపు తెరిచి ఆయిల్, రేడియేటరు మట్టాలు చూడాలి. కింద నేల మీద కొత్త చుక్కలేమైనా ఉన్నాయేమో గమనించాలి. లోపలి పరికరాలన్నీ ఆపి ఉంచి ఇంజను వేయాలి. చలిగా ఉంటే గ్లో ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి. రెండు మూడు నిమిషాలు ఊరకే తిరగనిచ్చి, ఒక్కొక్క పరికరమే వేస్తూ సగం లోడుకు తేవాలి. పది నిమిషాలకొకసారి బయటికి వెళ్లి పొగ రంగు చూసి, చప్పుడు విని రావాలి. రెండు గంటలయ్యాక పరికరాలన్నీ ఆపి, లోడు లేకుండా మరి రెండు మూడు నిమిషాలు చల్లారనివ్వాలి. ఆ తరువాత ఇంజను ఆపి, తేదీ, గంటల మీటరు మీది అంకె, పోసిన ఆయిల్ ఎంతో ఒక చిన్న నోటుబుక్కులో రాసి, దానిని అర తలుపు లోపలి వైపు తగిలించి ఉంచాలి.